చెప్పులల్ల బువ్వ

పోయిన వారం రాజవ్వను పాత మిర్చి గోదాం గుమ్మం దగ్గర నిలబెట్టి ఆగాం. బయట ఎర్రటి ఎండ, లోపల చప్పట్లు. కూతురు భాగ్యను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోదామని వచ్చిందామె.

ఎందుకో మీకు గుర్తుండే ఉంటుంది. మూడేండ్ల కింద, మిరప కోతల కాలంలో, ఆమె భర్త ఐలన్న ప్రాణహితలో శవమై తేలాడు. ఆ రోజు ఐలన్న పనికి తన మిర్చి కల్లం దిక్కే రాలేదని, పొద్దున్నే తాగి ఏటి దారి పట్టాడని శంకరన్న పటేలు పోలీసులకూ ఊరికీ ఒకటే మాట చెప్పాడు. ఊరు నమ్మింది. రాజవ్వ నమ్మలేదు. కానీ కాదనడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు ఆ పటేలు కొడుకు అజయ్‌కుమార్ నాగ్‌పూర్‌లో నాటకాల చదువు చదివి వచ్చి, ఐలన్న ఇంటి కష్టాల మీదే నాటకం కట్టాడు. తాగుబోతు మొగుడు, ఆకలికి మాడే పెండ్లాం పిల్లలు. అందులో తల్లి వేషం భాగ్యది. రేపే గడ్చిరోలిలో పోటీ.

తలుపు తోయగానే సమోసాల వాసన కొట్టింది. బస్తాలు నిండి ఉండే కాలంలో ఈ గోదాంలో అడుగు పెడితే తుమ్ములు ఆగేవి కావు. ఇప్పుడు నూనె వాసన, సెంటు వాసన, వాటి కింద ఎక్కడో పాత ఘాటు. తాత వేషం వేయడానికి చామోర్షి ఊరి నుంచి వచ్చిన ఆయన ఒక సమోసా నమిలి, చెయ్యి గోడకు రుద్ది, ఇంకొకటి అందుకున్నాడు. పొట్ట తెలియకుండా ధోవతిని బిగించి చుట్టుకున్నాడు. నాటకంలో ఆయన గింజ దొరకని ముసలివాడు.

ఎదురుగా గుడ్డ మీద పెద్ద అక్షరాల్లో నాటకం పేరు. రాజవ్వ కూడబలుక్కుని చదివింది. ఖాళీ పాదాలు.

"పాదాలు ఖాళీ ఎట్లుంటయే?" అంది, గబగబా ఎదురొచ్చిన కూతురితో.

"నువ్వెందుకొచ్చినవ్ అవ్వా? అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. చూపెట్టుడేగద మీ పని." అంటూనే కూతురి ఒంటి మీద చీర చూసి ఆగిపోయింది. భుజం మీద జానెడు చినుగు, మోకాలి దగ్గర ఇంకొకటి. పట్టుకుని చూస్తే బట్ట గట్టిగా ఉంది. "గిది కొత్త చీర గాదె?"

"కొత్తదే. అజయ్ సారు బ్లేడుతోని కోసిండు. చాయ్ నీళ్ళల్ల నానవెట్టిండు. పాతదాని లెక్క కనవడాలె గద."

"మనం ఎన్నడన్న గింత చినుగుతోని బయటికి పోయినమా? మనింట్ల సూది లేకుండెనా?"

"అది చినుగు కాదే. ప్రతీక."

"అంటే?"

"అంటే గుర్తు. లేమికి గుర్తు."

"కుట్టుకోనోళ్ళ బద్ధకానికి గుర్తు. నడువ్ ఇంటికి."

భాగ్య చెయ్యి విడిపించుకుంది. ఆ పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా తిరిగింది. "బాపు తాగి సచ్చిండని ఊరంతా అంటనే ఉన్నరు. నీళ్ళకాడ అంటరు, కాలేజీల అంటరు. ఊకె పడుతున్న మాటనే గద. గా మాట మీద నేను గడ్చిరోలి పోత, ముంబై పోత. నీకేం పోయింది?"

చెంప పగలగొడదామని లేచిన రాజవ్వ చెయ్యి సగంలో ఆగింది.

అప్పటికే అజయ్‌కుమార్ వాళ్ళను చూశాడు. "అరే, అసలు అమ్మ వచ్చింది! అందరూ ఇటు రండి!" అని చప్పట్లు కొట్టాడు. సమోసాలు నమిలే నోళ్ళు కూడా ఆగాయి. "రండి రాజవ్వగారూ, కూర్చోండి. మీకోసమే ఈ కుర్చీ."

వీడి తాత ఆమె మామను ఒరే అనేవాడు. వీడి తండ్రి ఆమెను ఒసే అనేవాడు. వీడు మీరు అంటున్నాడు. ఆ మీరు చెవిలో పడితే వానకు ఉబ్బిన గొంగళిపురుగు మెడ మీద పాకినట్టయింది రాజవ్వకు.

అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని పైకెత్తి నటులకు చూపించాడు. "ఈ వేళ్ళు చూడండి. మిరపకాయలు తెంపీ తెంపీ ఎట్ల పగిలాయో. ఈ గోళ్ళ కింద ఎరుపు చూడండి. ఎంత అందంగా ఉంది! ఇదే కావాలి మనకు."

తాత వేషగాడు నూనె వేలితో ఆ పగుళ్ళు ముట్టి చూశాడు. "రంగు పెడితే ఇట్ల రాదు సారూ."

రాజవ్వ చేతులు గుంజుకుని కొంగుతో రుద్దుకుంది. ఇంకా రుద్దుకుంది. మిర్చి మంట కడిగితే పోతుంది, నూనె పూస్తే పోతుంది. ఇది పోయేలా లేదు.

"ఒక్క సీను చూడండి. ఆఖరి సీను. అది చూసి కూడా మీకు నచ్చకపోతే భాగ్యను తీసుకుపొండి. నేనే బస్సెక్కిస్తా," అన్నాడు అజయ్‌కుమార్.

ఆమె కూర్చుంది. ఆ మాట మీద కాదు. కూతురు చూసిన చూపు మీద కూర్చుంది.

వేదిక నిండా ఎర్ర కాయితం ముక్కలు పరిచి ఉన్నాయి. అది మిర్చి కల్లం అట. మొదట నిజం కాయలే పోశారు. తాత వేషగాడు చచ్చిపోయే సీనులో ఆగకుండా తుమ్మితే, వాటిని ఎత్తి కాయితం పోశారు. "ఈ ఎరుపు రక్తానికి ప్రతీక," అన్నాడు అజయ్‌కుమార్ ఆమె చెవి దగ్గరికి వంగి. "ఇగ చూడండి, తండ్రి పాత్ర నాటకం మొత్తంలో కనిపించదు. ఆ నడుమ పెట్టిన చెప్పులే తండ్రి. తాగినప్పుడు ఒకటి బోర్లా ఉంటది. కొట్టేటప్పుడు పైకి లేస్తది. చివరికి అవి ఒక్కటే మిగులుతయి."

పైనుంచి ఒక లైటు చెప్పుల మీద పడుతోంది. పాత టైరు చెప్పులు. కూర్చున్న చోటి నుంచి రాజవ్వకు నల్లటి మచ్చల్లా మాత్రమే కనిపించాయి.

సీను మొదలైంది. తాత వేషగాడు కడుపు పట్టుకుని మూలిగాడు. చిన్నపిల్ల వేషం వేసిన అమ్మాయి ఏడ్చింది. భాగ్య, అంటే నాటకంలో రాజవ్వ, కుండ అడుగు గీకి గుప్పెడు అన్నం తీసింది. కంచాలు లేవు. అటు చూసింది, ఇటు చూసింది. మెల్లగా మోకాళ్ళ మీద పాకుతూ పోయి, ఆ గుప్పెడు అన్నాన్ని చెప్పుల్లో పెట్టింది. కుడి దాంట్లో కొంత, ఎడమ దాంట్లో కొంత. మెతుకులు టైరు అంచు దాకా మెత్తింది. తర్వాత వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, అందులో నోరు పెట్టబోయింది.

వెనక ఎవరో ముక్కు చీదారు. "క్యా బాత్ హై," అన్నారు ఇంకెవరో. అజయ్‌కుమార్ కండ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడి. గొర్రెలు వానకు తడుస్తున్నాయని తోడేలు ఏడ్చిందట, అలాంటి తడి.

రాజవ్వ ఇంట్లో తిండి లేని రోజులు ఉన్నాయి. గంజి తాగి పడుకున్న రోజులు, విప్పపూలు ఉడకేసుకుని తిన్న రోజులు ఉన్నాయి. కానీ నాలుగు మెతుకులుంటే ఐలన్న వాటిని కండ్లకు అద్దుకుని నోట్లో పెట్టుకునేవాడు. కింద పడ్డ మెతుకును తొక్కితే పిల్ల వీపు విమానం మోత మోగించేవాడు. ఆయన కూతురు చెప్పులో బువ్వ పెట్టి కుక్కలా వంగింది. ఆ వంగడం నేర్పినవాడు పక్కన కూర్చుని కండ్లు తుడుచుకుంటున్నాడు.

"చిన్నపటేలా," అంది. "మీ ఇంట్ల ఎన్నడన్న చెప్పులల్ల తిన్నరా?"

"అయ్యో, అది నిజం చెప్పు కాదు రాజవ్వగారూ. సమాజం కాలు. ఆకలిని తొక్కే కాలు. అందులో అన్నం అంటే..."

"బువ్వేగద అది? నిజం బువ్వేగద?"

"బువ్వే, కానీ దాని అర్థం..."

ఆమె అర్థం వినలేదు. లేచి వేదిక దగ్గరికి నడిచింది. అంచు దగ్గర ఆగి, ఆలోచించకుండానే, కాళ్ళ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. మిర్చి కల్లంలోకి చెప్పులతో ఎవరూ పోరు. అది తిండి ఆరే చోటు, లక్ష్మి కూర్చునే చోటు. పటేలయినా సరే, కూలివాడయినా సరే, గట్టు మీద విడిచి లోపలికి దిగాలి. కాయితం కల్లమైనా ఆమె కాళ్ళకు ఆ తేడా తెలియలేదు.

"లెవ్వు బిడ్డా," అని భాగ్య రెక్క పట్టింది.

"అవ్వా, నా వేషం ఖరాబు చెయ్యకు. దండం పెడత."

"లెవ్వు. నువ్వు వేషమన్న కట్టు, ముంబై అన్న పో. కని బువ్వను గిట్ల చెయ్యకు."

ఆమె కింద కూర్చుని ఎడమ చెప్పు తీసుకుని మెతుకులు కొంగులోకి దులిపింది. వేలితో అంచులు తుడిచింది. వేలికి ఏదో తగిలింది. దారం ముడి. మెతుకులు ఇంకా దులిపి వెలుతురుకు పట్టి చూసింది.

చెప్పు పట్టీ ఒకచోట తెగితే సుతిలితో కుట్టి ఉంది. గోనెసంచి కుట్టే సుతిలి. కుట్టు చివర రెండు కొసలు పైకి నిలబడి ఉన్నాయి, కుందేలు చెవుల్లాగా.

ఐలన్న మిర్చి బస్తాల మూతులు కుట్టేవాడు. చేతిలో దబ్బనం ఉంటే ఆయనను ఎవరూ పలకరించేవారు కాదు, పాట ఆగిపోతుందని. ప్రతి కుట్టుడు మనిషికీ ఒక ముడి ఉంటుంది. లారీకి ఎత్తేటప్పుడు మూతి ఊడితే ఎవరి బస్తానో తెలియాలి గదా. ఐలన్న ముడి కుందేలు చెవులు. "చెవులు పట్టి లేపుండ్రి, అరవదు," అని హమాలీలతో ఎకసెక్కాలాడేవాడు. ఇంట్లో పిల్ల జడకు రిబ్బను కట్టినా అదే ముడి. తెగిన చెప్పు కుట్టుకున్నా అదే ముడి.

ఈ చెప్పుల కోసం రాజవ్వ ఎంత తిరిగిందని. శవం దొరికినప్పుడు కాళ్ళు ఉత్తివి. ఏరు తీసుకుపోయిందన్నారు. అయినా ఇసుకలో, తుంగలో, పడవలు కట్టే రేవుల్లో వెతికింది. దినాల నాడు చనిపోయినవాడి చెప్పులు ఒకరికి దానం ఇవ్వాలి, ఆ మనిషి వేసుకుని నడవాలి. లేకుంటే పోయినవాడు ముండ్ల దారిలో ఉత్త కాళ్ళతో పోతాడు. చివరికి అంగట్లో కొత్తవి కొని ఇచ్చింది. ఆయన కాలు పెట్టని చెప్పులు. ఆ రోజు నుంచి కలలో ఐలన్న ఎప్పుడొచ్చినా ఉత్త కాళ్ళతోనే వచ్చాడు.

"ఇవి ఏడ దొరికినయ్?" అంది. అరవలేదు.

"ఏవి? చెప్పులా?" అజయ్‌కుమార్ వేదిక మీదికి వచ్చాడు. "కొండన్న తెచ్చిచ్చిండు. ఎందుకు?"

కొండన్న తెర పక్కన తాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. శంకరన్న చేనుకు కావలివాడు, ఐలన్నకు జోడీగా బస్తాలు పట్టినవాడు. ముసలితనం వచ్చి నడుము వంగింది. నాటకం వాళ్ళు తెర లాగడానికి పిలుచుకున్నారు.

"కొండన్నా, ఇవి మా ఆయనయి," అంది రాజవ్వ.

కొండన్న తల ఊపాడు.

భాగ్య గబుక్కున వంగి చూసింది. ముడి చూసింది. తన జడ మీదికి చెయ్యి పోయి, మళ్ళీ కిందికి జారింది.

అజయ్‌కుమార్ ముఖం వెలిగిపోయింది. "అసలు చెప్పులా? ఐలన్నవే? భాగ్యా, దీనికంటే గొప్ప ప్రతీక ఉంటదా! రేపు నాటకం మొదలయ్యే ముందు నేనే చెప్తా. రాజవ్వగారూ, మీరు కూడా రండి, వేదిక ఎక్కండి. ఈ చెప్పులు చేత్తో పట్టుకుని..." పోటీ న్యాయనిర్ణేతలు ఎట్ల కదిలిపోతారో అతనికి అప్పుడే కనిపిస్తున్నట్టుంది.

"జర సేపు నోరు మూసుకో చిన్నపటేలా," అంది రాజవ్వ. "కొండన్నా, నీకు ఏడ దొరికినయ్?"

"చిన్నపటేలు బీదోని పాత చెప్పులు గావాలె అన్నడు చెల్లె. నా దగ్గర గివే ఉండె."

రాజవ్వ అతని కాళ్ళ వైపు చూసింది. కొండన్న కాళ్ళకు చెప్పులున్నాయి. అరిగి, మడమ దగ్గర పగిలి, ఇంతకంటే పాతవి. బీదవాడి చెప్పులే కావాలంటే అవి చాలు. కొండన్న ఆమె చూపు చూసి కండ్లు దించుకున్నాడు. తెర తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఏడ దొరికినయ్ అన్నా?"

"కల్లం గట్టు మీద," అన్నాడు. ఆ మాట చాలా మెల్లగా వచ్చింది. "విడిసిపెట్టి ఉండె."

"ఏటికాడ గాదా?"

"కల్లం గట్టు మీద," అన్నాడు మళ్ళీ.

రాజవ్వ ఆ చెప్పును చేతిలో పట్టుకునే లేచింది. గోదాంలో అందరూ ఆమెనే చూస్తున్నారు, ఏదో సీను నడుస్తోందనుకున్నట్టు. ఆమె మెల్లగా తిరిగి వేదిక అంచు దాకా వచ్చింది. అక్కడ లైటు లేదు. చీకట్లో ఆమె విడిచిన చెప్పుల జత ఉంది. మునివేళ్ళ దిక్కు లోపలికి, మడమల దిక్కు బయటికి. కల్లంలోకి పోయిన మనిషి, ఇంకా బయటికి రాని మనిషి చెప్పులు అట్లాగే ఉంటాయి.

వాటిని చూస్తూ నిలబడిపోయింది.

తాగి ఏటికి పోయినవాడు కల్లం గట్టు మీద చెప్పులెందుకు విడుస్తాడు? పనికి వచ్చి, పని ముగించుకుని పోయినవాడయితే వేసుకునే పోతాడు. ఎండాకాలం ఇసుకలో ఉత్త కాళ్ళతో ఎవడు నడుస్తాడు? ఐలన్న ఆ రోజు కల్లానికి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి దిగాడు. తన కాళ్ళ మీద తాను బయటికి రాలేదు.

"అవ్వా," అంది భాగ్య. ఆ పిల్ల కూడా అటే చూస్తోంది. "బాపు గా రోజు కల్లానికే రాలేదని..."

"ఊకో," అంది రాజవ్వ.

తలుపు దగ్గర ఎండ ఒక్కసారి లోపలికి పడి, మళ్ళీ మూసుకుంది.

"ఏం రా, ఇంకా తయారు గాలేదా మీ తమాషా? కొబ్బరికాయ కొట్టి పంపిద్దామని వచ్చిన." శంకరన్న పటేలు. రేపు పోయే బండికి పూజ చేయిద్దామని సంచి చేత పట్టుకుని వచ్చాడు. ఎండలోంచి చీకట్లోకి వచ్చినవాడు కండ్లు చిట్లించుకుంటూ నేరుగా వేదిక వైపు నడిచాడు. అంచు దగ్గర నీడలో, గోడకు ఆనుకుని నిలబడిన రాజవ్వ అతనికి కనిపించలేదు. ఎర్రగా పరిచిన కల్లం కనిపించింది. అలవాటు కొద్దీ అతనూ కాళ్ళ చెప్పులు విడిచాడు, రాజవ్వ చెప్పుల పక్కనే. కాయితం కల్లంలోకి అడుగు పెట్టాడు.

"శాన మంచిగ కట్టిన్రు రా. అచ్చం మన కల్లం లెక్కనే..." అని నవ్వాడు.

లైటు కింద కుడి చెప్పు ఒక్కటే మిగిలి ఉంది, సగం మెతుకులతో. శంకరన్న వంగి చూశాడు. దాని పట్టీకీ అవే కుందేలు చెవులు. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. సంచిలోంచి కొబ్బరికాయ జారి, దొర్లుకుంటూ పోయి కుండకు తగిలింది.

"అరే కొండిగా," అన్నాడు తెర వైపు తిరిగి, పండ్లు బిగపట్టి. కొడుకు పక్కనే ఉన్న సంగతి, మిగతావాళ్ళు వింటున్న సంగతి మరిచిపోయాడు. "ఇవి ఇంకా ఉన్నయేందిరా? ఆనాడే పొయ్యిల వెయ్యమంటిగద!"

కొండన్న చేతిలో తాడు జారింది. తెర సగం దాకా వచ్చి ఆగింది.

చినిగిన కొత్త చీరలో, చేతికి మెతుకులతో, భాగ్య ఒక అడుగు ముందుకు వచ్చింది. మూడేండ్లలో మొదటిసారి ఆ పిల్ల తల ఎత్తి పటేలు ముఖంలోకి చూసింది.

"ఏనాడు పటేలా?" అంది.